పళవేర్కాడు పాతింట్లో ఒక రాత్రి బస

నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా చుట్టాల ఇంట్లో తప్ప ఏ ఊళ్ళోనూ పడుకున్న పాపాన పోలేదు నేను. తిరుపతిలో పిన్నమ్మ ఇల్లు, మద్రాసులో మేనమామ ఇల్లు, కంచిలో పెద్దక్క ఆడబిడ్డ ఇల్లు. తమిళనాట ఊత్తుకోట నుంచి తిరుత్తణి దాకా ఉన్న మా తెలుగు రైతు కుటుంబాల్లో ఇది రాయని చట్టం. డబ్బిచ్చి బయట బస చేశామంటే ఆ ఊరి చుట్టం ఏడాదిపాటు మూతి ముడుచుకుంటుంది. చుట్టం ఇంట్లో దిగితే హాల్లో చాప, తెల్లారి అయిదుకే లేచి వంటింట్లో సాయం.

తిరుత్తణిలో నా కుట్టు అంగడిలో నాతో కలిపి ఆరుగురం ఆడవాళ్ళం. ఒక్కసారైనా మంచం మీద పడుకుని, ఎవరో చేసిపెట్టిన టిఫిను తిని రావాలని అందరికీ కోరిక. మా అమ్మాయి ఫోనులో వెతికి పళవేర్కాడులో, అదే పులికాట్‌లో, ఒక ఇల్లు చూపించింది. డచ్చివాళ్ళు కోట కట్టుకుని వ్యాపారం చేసిన ఊరు అది. ఆ కాలపు ఇల్లట, బాడుగకు రెండు గదులు, ఉదయం టిఫిను. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటారట. గది బాడుగ పద్దెనిమిది వందలు. ఆ ఊళ్ళో మా చుట్టాలెవరూ లేరని రెండుసార్లు రూఢి చేసుకున్నాను. అయిదుగురిని వెంటేసుకుపోయి అభాసుపాలు కాకూడదని ముందుగా నేనొక్కదాన్నే చూసి రావడానికి బయల్దేరాను.

శనివారం ఉదయం ఆరూ నలభైకి తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కాను. పక్కన కొండకు మొక్కు తీర్చుకుని గుండుతో తిరిగిపోతున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

“పళవేర్కాడా? ఆడ మనోళ్ళు ఎవురుండారు?”

“ఎవురూ లేరు మామా. దుడ్డిచ్చి ఒకరింట్లో ఉండబోతా ఉండా.”

“హోటల్లో కాకుండా ఇంట్లోనా? ఇంట్లో అన్నం పెట్టి దుడ్డు తీసుకునేవాళ్ళు కూడా ఉండారా!” అని ఆయన తిరువళ్ళూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తిరువళ్ళూరులో దిగేసరికి ఏడూ నలభై. బస్టాండు ఎదురుగా పొంగలి, వడ తిన్నాను. పొంగల్లో మిరియాలు ఉదారంగా వేశారు. ఎనిమిదింపావు బస్సుకు రెడ్‌హిల్స్, అక్కడ మారి శోళవరం చెరువు పక్కగా పొన్నేరి. పొన్నేరి నుంచి పళవేర్కాడుకు ఆడవాళ్ళకు టికెట్టు లేని టౌను బస్సు దొరికింది. నీళ్ళు కావలసినన్ని పెట్టుకోండి, దారంతా ఉక్క. పదకొండున్నరకు దిగాను. ఊరంతా ఎండుచేపల వాసన, ఎటు చూసినా గాలికి ఆరుతున్న వలలు.

ఇల్లు కనబడగానే నా ప్రాణం లేచొచ్చింది. గోడ మందం మూరకు పైనే. పైకప్పుకు టేకు దూలాలు, కిటికీలు నా ఎత్తుకు రెండింతలు. ఇంటావిడ పేరు వసంత, నా ఈడుదే. తమిళంలో మర్యాదగా “రండి మేడం” అంది. ఆధార్ కార్డు చూసి పేరు రాసుకుంది. గది తాళం నా చేతిలో పెట్టింది. నాలుగు స్తంభాల మంచం, తెల్ల దుప్పటి, నాకోసమే ఒక బల్ల, ఒక కుర్చీ. తలుపు వేసుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు. బయటి నుంచి “అత్తా, మజ్జిగ యాడ పెట్టినావు?” అని వినిపించింది. ఉండబట్టలేక తలుపు తీసి, “మీరు తెలుగువాళ్ళా?” అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

వసంత ముఖం చాటంతయింది. “యా ఊరు మీది? కార్డులో ఉత్త ఇనిషియలే ఉండాది. ఇంటిపేరేంది?”

పుట్టిల్లు వెంగల్ అన్నాను. ఇంటిపేరు కూడా చెప్పాను. లోపలి నుంచి వాళ్ళ అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి, మా తాత పేరు, ఆయన అన్నదమ్ముల పేర్లు వరసగా చెప్పించుకుంది. “మీ నాయన పెదనాయన కొడుక్కే కదా మా అక్కను ఇచ్చినాము! నా కొడుకు నీకు అన్న అవుతాడే!” అంది.

అంతే. వసంత నాకు వదిన అయింది, ముసలావిడ పిన్నమ్మ అయింది, గది తాళం వెనక్కి పోయింది. “ఒక్కదానివి ఆ రూములో ఏం చేస్తావు వదినా, మా కాడ పడుకో” అని నా సంచి హాల్లోకి తెచ్చేసింది. ఒంటిగంటకు నేను వంటింట్లో పీట మీద కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. అయిదు గంటలు ప్రయాణం చేసి మళ్ళీ అదే పీటకు చేరానే అని ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నాలుగింటికి పిన్నమ్మే నన్ను డచ్చివాళ్ళ శ్మశానానికి తీసుకుపోయింది. తప్పకుండా చూడండి. వాకిలికి రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉన్నాయి. లోపల సమాధుల మీద పలకలు, వాటి నిండా చదవలేని అక్షరాలు, ఓడల బొమ్మలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ మట్టిలో కలిసిపోయారే, వీళ్ళ వాళ్ళకు ఈ చోటు తెలుసునా అని వేలితో అక్షరాలు తడుముతూ చాలాసేపు తిరిగాను. పిన్నమ్మ ఒక పలక అంచున కూర్చుని, నేను అడగకుండానే చెప్పుకొచ్చింది.

“ఇంట్లో సగం మా చిన్నోడిది. వాడు అమ్మేద్దామంటాడు. పడగొట్టి కల్యాణ మండపం కడతారంట. వసంత వాని కాళ్ళా వేళ్ళా పడి ఒక సంవత్సరం గడువు అడిగింది. బాడుగలు వస్తే ఇల్లుంటాది, లేకుంటే లేదు. ఆడి నెల మంచిది కాదని రిజిస్ట్రేషన్ చెయ్యరు కదా, అది పోయి ఆవణి నెల పుట్టంగానే రాసేస్తాడు.”

“మరి జనం వస్తా ఉండారా పిన్నమ్మా?”

“వస్తా ఉండారు. వచ్చినోళ్ళల్లో సగం మన పక్క తెలుగోళ్ళే. మా కోడలేమో ఇంటిపేరు అడగకుండా ఉండలేదు. అడిగినాక ఏదో ఒక సొందం, చుట్టరికం తేలక మానదు. సొందమని తేలినాక దుడ్డెట్లా తీసుకునేది?”

నా వెనక రాబోయే అయిదుగురిలో ఇద్దరిది ఊత్తుకోట, ఒకామెది వెంగల్, తక్కినవాళ్ళు తిరుత్తణి చుట్టుపక్కల వాళ్ళు. ఒక్కరు కూడా తప్పించుకోరు. రెండు గదులు, ఆరుగురు మనుషులు, పైసా రాదు. నా సరదాతో ఆమె ఇంటికి ఎసరు పెట్టినదాన్ని అవుతాను.

ఆదివారం ఉదయం ఇడ్లీ, రొయ్యల పులుసు. ఆ పులుసు కోసమైనా మీరు వెళ్ళాలి. తిన్నాక డబ్బు తీశాను. వసంత చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

“ఊరుకో వదినా. నలుగురు వింటే నన్నేమనుకుంటారు?”

“ఇల్లు పోతే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాను. కోపంగానే వచ్చింది మాట. “మావాళ్ళు అయిదుగురూ మన పక్కోళ్ళే. అందరికీ ఉత్తపున్నేనికే పెడతావా? పెట్టేదైతే నేను వాళ్ళను తీసుకురాను.”

ఆమె ఇడ్లీ పళ్ళెం తీసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. “పెండ్లయి ఈ ఊరికి వచ్చి ఇరవై రెండేండ్లు. మా అత్తతో, మీ అన్నతో తప్ప తెలుగు మాట్లాడేదానికి మనిషి లేదు. ఇల్లు నిలబడాలనే బోర్డు పెట్టినాను, నిజమే. అయినా తలుపు కొట్టినోళ్ళు మనోళ్ళని తెలిస్తే నాకు నోరాగదు వదినా.”

డబ్బు ఆమె తీసుకోలేదు. ఎండుచేపలు పొట్లం కట్టి నా సంచిలో కుక్కి, బస్సు దాకా వచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

రెండూ పదికి తిరువళ్ళూరులో తిరుత్తణి రైలు అందుకుని, ఈ ప్రయాణం సంగతి రాయడం మొదలుపెట్టాను. చూడవలసిన ఊరు పళవేర్కాడు, అందులో అనుమానం లేదు. తెల్లవారి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు, ఒక రాత్రి ఉంటే అన్నీ తీరిగ్గా చూడవచ్చు. ఎక్కడ ఉండాలన్న దగ్గరే నా కలం ఆగిపోయింది. ఆ ఇంటి సంగతి మావాళ్ళకు ఏమని చెప్పాలో తేల్చుకోలేక కూర్చున్నాను.

అప్పుడు ఫోను మోగింది. వసంత. నేను “వదినా” అనబోయేంతలో అటు నుంచి తమిళం వినబడింది, మొదటిరోజు తలుపు తీసినప్పటి తమిళం.

“మేడం, మీతో కలిపి ఆరుగురికి రెండు గదులు కావాలన్నారు కదా. వచ్చే నెల మొదటి శనివారం ఖాళీగా ఉన్నాయి. గదికి పద్దెనిమిది వందలు, టిఫినుతో కలిపి. సగం ముందుగా పంపితే పేర్లు రాసుకుంటాను. పేర్లు చాలు మేడం, ఊళ్ళూ అవీ అక్కర్లేదు.”

గొంతు ఎక్కడా తొణకలేదు. నేనూ తమిళంలోనే సరేనన్నాను, ఆరుగురి పేర్లూ చెప్పాను. నా పేరు కూడా కొత్తగా మళ్ళీ చెప్పాను, ఆమె కొత్తగా మళ్ళీ రాసుకుంది. “థాంక్స్ మేడం” అని పెట్టేసింది.

నేను కోరుకున్నది ఇదే. డబ్బిచ్చి, మంచం మీద పడుకుని, ఎవరికీ ఏమీ కాకుండా వచ్చేయడం. అయినా తిరుత్తణిలో దిగేదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.