కత్తెరమ్మ అన్న ఒక్క మాట

అదే, మొన్న సగంలో ఆపేశానే, మా వదిన సంగతి! కుట్టుపని చేస్తుంది. వీధంతా కత్తెరమ్మ అంటారు. గుడ్డే కాదు, మాట కూడా కత్తిరించే వాడుతుంది. పెళ్లిచూపుల్లో మా అన్నయ్య "నేను నచ్చానా?" అని అడిగితే "కానివ్వండి" అందట! నేనేమో ముప్ఫై రెండేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి, నోరు మూయడం మరిచిపోయినదాన్ని.

ఈ యుద్ధం మొదలై తొమ్మిదేళ్లు. వాళ్లబ్బాయి వెళ్లడం ఇది మూడోసారి. ప్రతి సోమవారం వదిన, ఇంకో పదిమంది తల్లులు సైనిక కార్యాలయం గేటు ముందు నిలబడతారు, మా పిల్లల్ని ఇంటికి పంపించెయ్యండని.

ఆమధ్య వదిన కుట్టుకొట్టుకి ఓ విలేకరి వచ్చాడు. "యుద్ధం మీద మీ అభిప్రాయం ఏంటమ్మా?" అన్నాడు. వదిన మిషను ఆపలేదు, తలెత్తలేదు.

"చాలు" అంది.

మర్నాడు మొదటి పేజీలో ఆవిడ ఫొటో. కింద ఇంతింత అక్షరాలతో, "చాలు, నాకు తృప్తే: ఓ సైనికుడి తల్లి". పక్కనే ఓ సర్వే, నూటికి డెబ్బై మంది యుద్ధానికి అనుకూలమట. ఇలాంటి 'చాలు'లు ఎన్ని కలిపి వండారో ఆ డెబ్బై!

సోమవారం గేటు దగ్గర నర్సు, అదే, వదిన పక్కన ఎప్పుడూ నిలబడే ఆవిడ, ముఖం తిప్పుకుంది. "ఇక్కడ నీకేం పని తల్లీ? నీకు తృప్తేగా!"

వదిన ఇంటికొచ్చి సూదిలో దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది. నాకు ఒళ్లు మండిపోయి, చెయ్యి పట్టుకుని పేపరాఫీసుకి లాక్కెళ్లాను.

"ఆవిడన్న మాటే వేశామండీ" అన్నాడు బల్ల దగ్గర గుమాస్తా. "చాలు అన్నారా, లేదా?"

"అన్నాను" అంది వదిన.

"తృప్తని ఎవరన్నారయ్యా?" అని అరిచాను.

"అది మా సంపాదకులు వివరంగా ఉంటుందని చేర్చారు."

వివరమట, వాళ్ల మొహం! వడ్డిస్తుంటే చాలంటే తృప్తి. వీపు మీద దెబ్బలు పడుతుంటే చాలంటే? పసిపిల్లకి తెలుసే ఈ తేడా!

మెట్లు దిగుతూ వదిన, పుట్టి బుద్ధెరిగాక అంత పొడుగు మాట అనడం నేనెప్పుడూ వినలేదు, "వాడు అక్కడ ఆ పేపరు చూస్తే, అమ్మే ఉండిపొమ్మందనుకుంటాడు వదినా" అంది.

ఆ సంపాదకుడు ఎవరనుకున్నారు? ఏడో తరగతిలో నా దగ్గర తెలుగు చదివినవాడే! నంబరు సంపాదించాను. రేపు పది కొట్టగానే చేస్తాను. ఒరేయ్, 'చాలు'కి అర్థం రాయి. అదే పేజీలో, అదే చోట, అంతంత అక్షరాలతోనే రాయి అంటాను.