పోలమ్మవ్వ సంచీల మట్టిబిళ్ళ

ఒక ముసలమ్మను బోధన్ బస్టాండుల నలుగురి ముందర దొంగను చేసిన మనిషిని నేను. అంత పని చేసి కూడా ఇప్పటికీ బోధన్‌లనే ఉద్యోగం చేస్తున్ననంటే నా ధైర్యం ఎంతదో మీరే ఆలోచించుకోండి.

అప్పుడు నాకు ఇరవై ఐదేండ్లు. మాది ఎడపల్లి. బోధన్‌ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల చరిత్ర చెప్పేదాన్ని. సముద్రం ఎట్లుంటదో ఎన్నడూ చూడలే గని, తీరప్రాంతం పాఠం మాత్రం ముందు బెంచీలోళ్ళు తడిసేటట్టు చెప్పేదాన్ని. అది విని ప్రిన్సిపాల్ సార్‌కు ఉత్సాహం పుట్టింది. శ్రీకాకుళం దిక్కు ఒక కాలేజీతోని మాట్లాడి, అక్కడి తీరంల మట్టిదిబ్బల్ల దొరికిన పాత కుండపెంకులు, పూసలు, శంఖపు గాజుల ముక్కలు ఒక పెట్టెనిండ తెప్పించిండు. రెండు రోజుల ప్రదర్శన. జాలరోళ్ళ బతుకు గురించి పిల్లలకు చెప్పనీకి పోలమ్మ అనే పెద్దావిడ కూడా అక్కడినుంచి వస్తదన్నరు. పెట్టె నాకు అప్పజెప్పుకుంట సార్ ఒక్కటే మాటన్నడు: "ఇవి మనయి గావు. ఒక్క ముక్క పోయినా నువ్వే జవాబుదారి."

ఆ మాటతోని నాకు లోకమంత దొంగలే కనవడుడు మొదలైంది. మా అటెండర్ రహమత్ భాయ్ ఏండ్ల సంది కాలేజీ తాళాలు నడుముకు కట్టుకొని తిరుగుతున్న మనిషి. ఆయన టేబుల్ తుడిస్తే, గుడ్డ దులిపి చూపియ్యమన్న. పాపం, దులిపిండు. జేబుల్ల చేతులు పెట్టుకొని లోపలికి రావద్దని పిల్లలకు బోర్డు రాసిన.

పెట్టెల పిడికిలంత మట్టిబిళ్ళ ఒకటుండె, గుండ్రంగ, నడుమ తొర్రతోని. దాని మీద మనసు పడ్డది నాకు. "ప్రాచీన తీరవాసుల పూజాచక్రం" అని పెద్ద అక్షరాలతోని రాసి టేబుల్ నట్టనడుమ పెట్టిన.

రెండో దినం పోలమ్మవ్వ వచ్చింది. తుపాను పోయినంక ఇసుక జరిగి పాత కుండలు పైకి తేలుతయని, ముందటి మనుషులయని వాటిని తమోళ్ళు తొక్కరని చెప్పింది. పిల్లలు కదలకుండ విన్నరు. నేను మాత్రం ఆమె చేతులే చూస్తున్న. మట్టిబిళ్ళ దగ్గరికొచ్చి దాన్ని చేతిల పట్టుకుంది, తిప్పింది, వాసన చూసింది.

"ఇదేటమ్మా, ఇక్కడెట్టినారు?" అనడిగింది.

పూజ వస్తువు, ముట్టుకోవద్దన్న. ఆమె ముసిముసిగ నవ్వింది. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలే.

తిన్నంక ఆమె బస్సుకు పోయింది. కొంచెం సేపటికి చూస్తే టేబుల్ నడుమ నా అట్టముక్క ఒక్కటే ఉంది. రహమత్ భాయ్‌ని అడుగుదామని కూడా అనుకోలే. ఆయన మీద కూడా అనుమానమే ఉండె, ఇంకేమడుగుత? ఆటో ఎక్కి బస్టాండుకు ఉరికిన. నిజామాబాద్ బస్సు కదలబోతుంటే కండక్టర్‌ను ఆపి ముసలమ్మను దించిన. జనం గుమిగూడిన్రు. ఏమైందని ఒకాయన మరాఠీల అడిగితే, బంగారు విగ్రహం పోయిందట అని ఇంకొకాయన నాకంటె ముందే జవాబు చెప్పిండు.

సంచి తెరిపించిన. ఒక చీర, గిన్నె, మందుగోళీలు, గుడ్డల చుట్టిన మట్టిబిళ్ళ. పోటీల గెలిచిన కప్పు లెక్క దాన్ని అందరికీ ఎత్తి చూపించిన.

"అది నాదే తల్లీ," అంది పోలమ్మవ్వ.

"వేల ఏండ్ల వస్తువు నీదెట్లయితదవ్వా?"

"నానే సేసినాను, పిల్లలకి సూపుదామని తెచ్చినాను. వలకి కడతాం, నీటిలోన దిగడానికి."

నేను నమ్ముతనా. అదే ఆటోల ఆమెను కాలేజీకి మళ్ళించుకొచ్చిన.

ప్రిన్సిపాల్ సార్ టేబుల్ మీద ఇంకో మట్టిబిళ్ళ కూసొని ఉంది. ఎవరో పెద్దమనిషి చూస్తనంటే రహమత్ భాయ్ అక్కడికి తెచ్చిండట. "మీకు చెప్దామనుకున్న మేడం, మీరు ఉరుకుతుంటే నా పిలుపు అందలే," అన్నడు.

రెండిట్నీ పక్కపక్కన పెట్టిన. అచ్చం ఒక్కతీరే. పోలమ్మవ్వ ఒక బిళ్ళ అంచు మీదున్న గుంటల బొటనవేలు పెట్టింది, సరిగ్గ కూసుంది. రెండో దాంట్ల పెట్టింది, అందులనూ కూసుంది.

"రెండూ నాయే," అంది.

సార్ పెట్టెతోని వచ్చిన వస్తువుల పట్టీ తీసి మడత విప్పిండు. నాకు తెలిసి దాని మడత విప్పుడు అదే మొదలు. "దిబ్బలో దొరికిన పాత వల బరువుతో పోల్చి చూపడానికి, పోలమ్మ గారు చేసిన కొత్తది" అని పైకి చదివిండు. మరి పాతదేదంటే, సగం విరిగి ఉందని, అందంగ లేదని, నేనే పెట్టె అడుగున వదిలేసిన. తీసుకొచ్చిన. దాని అంచుకూ వేలి గుంట ఉంది. పోలమ్మవ్వ అందుల వేలు పెట్టి చూసింది.

"ఇది నాది కాదు. ఎవులిదో," అని కండ్లకు అద్దుకుంది. నేనైతే ఆ తొర్రల దూరి మాయమైపోదామనుకున్న.

తర్వాతి బస్సుల నేనే ఆమెను నిజామాబాద్ స్టేషన్‌కు తోలుకపోయిన. దారిపొడుగున మాఫీ అడిగిన. ఆమె కిటికీలకెల్లి చెరుకు తోటలు చూసుకుంట తల ఊపింది. రైలొచ్చే ముందు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"నీ సంచీ ఒకపాలి ఇప్పు తల్లీ, సూస్తాను."

ఆమెకు ఆ హక్కుండె. ఇప్పిన. దువ్వెన, ఖాళీ టిఫిన్ డబ్బా, ముడేసిన రుమాలు. ఆ రుమాలును చూస్తెనే నాకు యాదికొచ్చింది. పెట్టెల అన్నిటికంటె చిన్నదైన ఎర్రపూసను, ఎవరన్న ఎత్తుకపోతరని, మొదటి దినమే నేను అందుల మూటగట్టి మర్చిపోయిన. పోలమ్మవ్వ ముడి విప్పింది. పూసను చూసింది. నన్ను చూసింది. మళ్ళ ముడేసి నా పిడికిట్ల పెట్టి, చెవి దగ్గరికొచ్చింది.

"బయపడకు. నాను ఎవులికీ సెప్పనులే."

కదిలే రైలు సాక్షిగ అక్కడనే ఒట్టు పెట్టుకున్న: ఈ జన్మల ఇంకెవరి సంచీ తెరిపియ్య. తప్పక తెరిపియ్యవలసొస్తే, ముందుగాల నా సంచి ఇంటికాడ ఖాళీ చేసే పోత.