కుదించని ఒక్క వీడియో

నా భార్య పోయి ఇరవై ఆరు రోజులు. కోరుట్ల కాలేజీలో క్లాసులో ఉండగా జగిత్యాల నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, అమ్మ లేస్తలేదు" అంది. బస్సులో ఉండగానే రెండో ఫోన్ వచ్చింది. గుండె ఆగిందన్నారు.

ఆమె గురించి రాయమని మిత్రులు అడిగారు. నాకు గుర్తున్నవి ఎక్కువగా మా వెనక గదిలోవి. అక్కడ హోం థియేటర్ పెట్టుకున్నాను. మందపాటి పరదాలు, గోడకు తెర, చుట్టూ ఏడు స్పీకర్లు. జాగా కోసం ఫైలు సైజు తగ్గించి కుదించిన సినిమా చూడను. డిస్కు కొని, బొమ్మలో గానీ శబ్దంలో గానీ ఏదీ పోకుండా హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుంటాను.

ఆమె సిరిసిల్ల నేతకారుల బిడ్డ. ఒకసారి ఒకే వాన సీను రెండుసార్లు వేశాను, ముందు పూర్తిది, తర్వాత కుదించింది. ఏది ఏదో చెప్పలేదు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది: "మొదటిదాంట్ల చుక్కలు ఇనవడ్డయ్. గీంట్ల వాన లేదు, బియ్యం చెరిగినట్టుంది."

"తెలిసే అన్నవా, ఊకె అన్నవా?"

"మా నాయిన అన్నం తింటనే, చప్పుడు బట్టి ఏ సాంచ మీద పోగు తెగిందో చెప్పెటోడు. మీ కాలేజీల గియ్యి నేర్పరా సారూ?"

మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఆ తర్వాత ఏ కొత్త డిస్కయినా ముందు ఆమె చెవిన పడాల్సిందే.

నిరుడు హార్డ్ డిస్కులు నిండాయి. సినిమాల జోలికి పోలేదు. ఇంట్లో తీసిన వీడియోలను కుదించి, అసలువి తుడిచేశాను. ఆమె చూసి నవ్వింది. "సినిమావోళ్లకు గంత జాగ ఇచ్చినవ్, మాకు గింతనేనా?" నేనూ నవ్వాను.

ఆమె పోయి పదకొండు రోజులయ్యాక ఆ వీడియోలను పెద్ద తెర మీద వేశాను. ఆమె ముఖం మైనంలా ఉంది. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. కుదించడం మరిచిపోయింది ఒక్కటే ఉంది, రెండేళ్ల కింద కొండగట్టు మెట్ల మీద తీసింది. అది ఉన్న పాత హార్డ్ డిస్కుకు కేబుల్ పెడితే టక్ టక్ మంది. చెడిపోతున్న డిస్కు చప్పుడది, వెంటనే పీకేశాను.

రెండు వారాలు ముట్టలేదు. ఇంకోసారి తిరుగుతుందో లేదో. ఆ చప్పుడు విని చెప్పగల మనిషి ఇంట్లో లేదు.

"కరీంనగర్ల బాగుచేస్తరంట, ఇద్దాం బాపూ" అంది బిడ్డ.

"తొవ్వల కుదుపుకే పోతది."

"మరి బీరువాల పెట్టి పూజ చేస్తవా?"

అచ్చం తల్లి మాట.

నిన్న మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. మంచి డిస్కులో జాగా కోసం సినిమాలు తుడిచేశాను. పేర్లు చదవలేదు. పాతదాన్ని తగిలించి, దాని చప్పుడు వినబడాలని ఫ్యాన్ ఆపాం. తొంభై శాతం దగ్గర కాపీ ఆగింది. బిడ్డ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి కదిలింది.

వెనక గదిలో వేశాం. గాలి, గంటలు, కోతుల అరుపులు, అన్నీ వాటి వాటి చోటి నుంచి వచ్చాయి. "నువ్ నడువు, నేనస్తున్న" అంటోంది ఆమె. మాటకూ మాటకూ మధ్య ఆయాసం వినిపించింది. నాలుగు మెట్లు, ఆగడం, ఊపిరి. మళ్లీ మూడు మెట్లు. ఆ రోజు కెమెరా పట్టుకుని నేను ఆమెకు రెండు మెట్ల పైనే ఉన్నాను, అయినా ఆ ఆయాసం నా చెవిన పడలేదు.

బిడ్డ రిమోట్ నా వైపు జరిపింది. నేను సౌండు తగ్గించలేదు. తెర మీద ఆమె కడ్డీ పట్టుకుని, పై మెట్టు మీద ఒక కాలు పెట్టి, కాసేపు అలాగే నిలబడిపోయింది.