ప్లేట్లను దక్షిణానికి తిప్పిన మా వదిన

మా వదిన పోయిందని కబురు వచ్చినప్పుడు నేను ఆమెను తిట్టుకుంటూ ఉన్నాను. ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను, చదివేవారు ఏమనుకున్నా సరే. ముందురోజు ఆమె పిండిమరకు రాగులు తీసుకుపోతే, నాలుగు గింజలు పంటికింద వేసుకొని, "ఇంకా పచ్చిగుండాయప్పా, ఎండబోసుకొని రాపో" అని సంచి నా చేతికే తిరిగిచ్చింది. సొంత మరిదినని కూడా చూడలేదు. తెల్లారి వాకిట్లో పట్ట పరిచి, రాగులు నెరుపుతూ సణుక్కుంటుంటే మా అల్లుడు పరుగున వచ్చాడు. "మామా, పెద్దత్త పోయింది" అన్నాడు. ముఖం కడుక్కొని అరుగు మీద కూర్చున్న మనిషి అట్లే పక్కకు ఒరిగిపోయిందట. జబ్బు లేదు, మంచం లేదు. పోయేటప్పుడు కూడా ఎవరినీ ఒక మాట అడగలేదు. ఆమె పద్ధతే అంత.

మాది కంబదూరు దాపున ఒక మెట్ట ఊరు. ఆమె మా అన్న భార్య. మా అన్న చాలా ఏళ్ళ కిందటే పోయాడు. ఆ తరువాత ఆమె చెనక్కాయ చేను చూసుకుంది, ఆడవాళ్ళ సంఘం చూసుకుంది, చివరికి ఎండతో తిరిగే పిండిమర ఒకటి మా ఊరికి తెచ్చింది. అంతకుముందు పిండి కావాలంటే సంచులు నెత్తిన పెట్టుకొని కంబదూరు పోవాలి. పోతే అక్కడ కరెంటు ఉండదు. మర అరుగు మీద కూర్చుని కూర్చుని మా ఆడవాళ్ళకు ఒక పూట కూలి పోయేది. ఇంత మేలు చేసిన మనిషిని తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది, నిజమే. కానీ దణ్ణం పెట్టేలోపల ఆమె ఏదో ఒక మాట అనేది, మన చేతులు అట్లే దిగిపోయేవి.

ఎంత మొండి మనిషో ఎట్లా చెప్పేది! మా ఇంట్లో కాఫీ ఇస్తే సగం తాగి, "చక్కెర ఎక్కువైంది" అని మిగతా సగం నా గ్లాసులో పోసేది. మర కప్పు మీద సోలార్ ప్లేట్లు తుడిచి దిగివచ్చి, ఆ దుమ్ము చేతులు నా భుజం మీది తువ్వాలకు రుద్దేది. ఉతికిన తువ్వాల! "ఏం వదినా ఇది?" అంటే, "నీ చేని దుమ్మే గదప్పా, నీది నీకే ఇస్తాండా" అనేది. అందరూ నవ్వేవారు. నేను మాత్రం మళ్ళీ ఉతుక్కునేవాణ్ణి.

నా కూతురు సరోజను మర పని నేర్చుకోవడానికి పంపమని అడిగిన రోజు ఇంకా కళ్ళముందు ఉంది. కళ్యాణదుర్గంలో ఒక సంస్థవాళ్ళు ఆడవాళ్ళకు సోలార్ పని నేర్పుతున్నారని తెలుసుకొని వచ్చింది. సరోజది ఊళ్ళోనే కాపురం. అల్లుడు సరే అన్నాడు. నాకే మనసు ఒప్పలేదు.

"కరెంటు పని ఆడపిల్లకెందుకు వదినా? షాక్ కొడితే?"

"పొయ్యి కాడ నిప్పుతో చేయిస్తాండావు గదా, అది కాల్చదా?"

"అది వేరే."

"ఏం వేరే? నిప్పయితే సంగటి వస్తాది, నీకు కావాల. ఇదైతే బిడ్డకు పని వస్తాది, నీకు అక్కర్లేదు."

ఆలోచించి చెబుతానన్నాను. "ఆలోచించు, నేను ఈడే ఉంటా" అని మా నడవలో గోడకు ఆనుకొని కూర్చుంది. కూర్చున్నది ఊరికే కూర్చోలేదు. నా సంగటి ముద్దలో సగం తిని, చెనక్కాయల ఊరిబిండి పచ్చడిలో ఉప్పు చాలలేదని మా ఇంటామెకు చెప్పి, నేను సరే అనేదాకా లేవలేదు. మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు.

వాళ్ళు శిక్షణలో ఉండగా ప్లేట్లు ఊరికి దిగాయి. మేము మగవాళ్ళం కలిసి మంచి మనసుతోనే మర కప్పు మీద స్టాండు కట్టించాం. తూర్పు ముఖంగా, సిమెంటు పోసి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి. మా ఊళ్ళో ఏది నిలబెట్టినా తూర్పుకే. దక్షిణం యముడి దిక్కు, అటు వాకిలి కూడా పెట్టం. బిగించడానికి వచ్చిన పనివాడు దక్షిణమని ఏదో గొణిగాడు గానీ, మా వీధి పెద్దాయన ఒక్క గద్దింపుతో నోరు మూయించాడు.

వదిన బస్సు దిగి, సంచి కూడా దించకుండా పైకి చూసింది.

"ఎవురప్పా దీన్ని తూర్పుకు తిప్పినోళ్ళు?"

"మేమే వదినా!" అన్నాను, మెచ్చుకుంటుందని.

"పొద్దున ఆడోళ్ళంతా చేన్లల్లో ఉంటారు. ఈ మర పొద్దున ఎవురి కోసం తిరగాల? నీ కోసమా?"

ఆమె అన్నట్టే అయింది. పొద్దున గిర్రున తిరిగిన మర, ఆడవాళ్ళు కూలికి పోయివచ్చే వేళకు మూలిగి నిలిచిపోయేది. సోలార్ అంటే ఇంతేనేమో అనుకున్నాం మేము. వదిన అనుకోలేదు. ఒకరోజు గడ్డపార తీసుకొని పైకెక్కి, కొత్త సిమెంటు పగలగొట్టించి, దినమంతా ఎండ తగిలేట్టు ప్లేట్లను దక్షిణానికి తిప్పించింది. పట్టుకున్నది సంఘం ఆడవాళ్ళు, బోల్టులు విప్పింది మా సరోజ. కింద నిలబడి పెద్దాయన అరుస్తున్నాడు, నేనూ అరుస్తున్నాను. పైనుంచి ఆమె ఒకటే మాట: "వాన లేదని ఇన్నేండ్లు ఏడ్సినారు గదా, ఉండే ఎండకయినా సక్కంగా పని చెప్పనీయండి." ఆ సాయంత్రం కూలినుంచి వచ్చిన ఆడవాళ్ళు పిండి తీసుకొని ఇళ్ళకు పోయారు. ఆ తరువాత మగవాళ్ళం ఎవరమూ దిక్కు మాట ఎత్తలేదు.

ఆ మాట మళ్ళీ లేచింది వదిన పోయాకే. దినాలు అయ్యేదాకా మర మూసే ఉంది. అయిన మర్నాడు సరోజ తాళం తీయబోతే, పెద్దాయన మర ముందర కూర్చుని ఉన్నాడు. సంచులతో వచ్చిన ఆడవాళ్ళు దూరంగా నిలబడిపోయారు.

"నేను ఆపొద్దే చెప్తి. యమునికి ఎదురుగా పెడితే ఆయన రాకుండా ఉంటాడా? వచ్చె, తీసకపాయె. తూర్పుకు తిప్పండి. మర పని మగోళ్ళకు ఇడిసిపెట్టండి. ఆడోళ్ళకు ఇది అచ్చిరాదు."

ఒకామె సంచి నెత్తికెత్తుకొని వెనక్కి తిరగనే తిరిగింది. ఆ ఒక్కామె పోతే మిగతావాళ్ళూ పోతారు. మా వదిన చేసిందంతా ఆమెతోనే కాలిపోయినట్టే. సరోజను చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెద్దమ్మ కోసం ఏడ్చి ఏడ్చి.

"తాతా, ఒక మాట చెప్పు. మా పెదనాయన పోయినప్పుడు ఈ ఊర్లో ప్లేట్లుండినాయా?" అంది.

"లేవు."

"మరి ఆయప్పకు యముడు యాడినుంచి దావ కనుక్కొని వచ్చినాడు?"

అంతలో పెద్దాయన పెళ్ళామే సంచి ఈడ్చుకుంటూ ముందుకొచ్చింది. "లెయ్యి, వాకిలికి అడ్డం లెయ్యి. నువ్వు దిక్కులు చూసుకుంటా కూచో, రాత్రికి సంగటి అడగొద్దు" అంది. వెనక్కి తిరిగిన ఆడమనిషి కూడా సంచి దించి వరుసలో పెట్టింది. నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. ఆనందం పట్టలేక తువ్వాల నోట్లో కుక్కుకున్నాను. ఇంత నోరు నా కూతురికి ఎక్కడిదో అందరికీ తెలుసు. నన్ను అంత విసిగించి వదిన నేర్పింది ఉత్త బోల్టుల పని కాదు.

మర మొదలైంది. నేను మెట్లెక్కి కప్పు మీదికి పోయి, ప్లేట్ల ముందర నిలబడ్డాను. ఆమెతో ఏదో చెప్పుకోవాలనిపించింది. అంతలో కింద మర శబ్దం కుంగింది. తలుపులోంచి సరోజ తల బయటికి పెట్టింది, కనుబొమల నిండా పిండి.

"నాయనా! ఎండకు అడ్డం నిలబడితే ఎట్ల? పక్కకు రాప్పా!"

పక్కకు జరిగాను. నా నీడ ప్లేటు మీదినుంచి మెల్లగా జారి సిమెంటు మీద పడింది. కింద మర గొంతు మళ్ళీ పైకి లేచింది.