బల్ల కింద చేతులు

టీచర్ అడుగుల చప్పుడు నా స్నేహితురాలు డెనీస్ బల్ల దగ్గర ఆగగానే నాకు భయం వేసింది. ఎనభైల్లో, డెట్రాయిట్ పక్కన మా స్కూల్లో, లెక్కల్లో చురుకైనవాళ్లకి వేరుగా నడిపే ఫాస్ట్ మ్యాథ్ క్లాసుకి పిల్లల్ని ఎంచే పరీక్ష అది. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టడం డెనీస్‌కి నేర్పింది నేనే. "స్కూల్లో చేతులు బల్ల కింద పెట్టుకోవే, మొద్దనుకుంటారు" అని అమ్మ నాకు చెప్పిన జాగ్రత్త మాత్రం దానికి చెప్పలేదు.

"ఇంకా వేళ్లేనా?" అంటూ టీచర్ ఏదో రాసుకుంది. నాకు సీటొచ్చింది, డెనీస్‌కి రాలేదు.

ఆ క్లాసులో తన కూతురిలాంటి నల్లపిల్ల ఒక్కతీ లేదని, అసలు ఆ క్లాసే తీసేయాలని డెనీస్ వాళ్లమ్మ స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్‌లో అడిగింది.

"క్లాస్ క్యాన్సిల్ చేస్తే మన పిల్ల గతేంటే?" అని నాన్న ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాడు.

గొడవంతా నా వల్లేననుకున్నాను. చివరికి క్లాసు తీసేశారు. డెనీస్ నాతో మాట్లాడటం మానేసింది. ఆ గొడవ నా వల్ల రాలేదని ఇప్పుడు తెలుసు. డెనీస్ సీటు పోవడంలో మాత్రం నా పాలు ఉంది.

ఇప్పుడు మా పిల్లల స్కూల్లోనూ అలాంటి క్లాసు ఉంచాలా తీసేయాలా అని అదే వాదన. నిన్న సాయంత్రం దాని గురించి స్కూలు పంపిన ఉత్తరం చదువుతుంటే, ఎదురుగా హోంవర్క్ చేస్తున్న మా అమ్మాయి చేతులు బల్ల కిందికి జారాయి. అలా దాచుకోమని నేర్పింది నేనే.

పొద్దున పిల్లలిద్దరితో అన్నాను: "ఇకనుంచి చేతులు బల్ల మీదే పెట్టి లెక్కపెట్టండి."

"టీచర్ చూస్తేనో?" అంది అమ్మాయి.

"చూడనీ."