కోటదొర ఇంటి కోసం ఉపవాస ప్రార్థన

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, టీవీ సీరియళ్ల మీదా అంతే నమ్మకం. (రెండోది ఇప్పుడు కొంచెం తగ్గింది.) బత్తలపల్లి దగ్గర మా ఊళ్లో, ఇంటర్ పూర్తిచేసి ఇంట్లోనే ఉండేదాన్ని. చేతిరాత బాగుందని పాస్టరయ్యగారు సంఘంలో ప్రార్థన మనవుల పుస్తకం నాకు అప్పగించారు. ఎవరికి ఏ కష్టమొచ్చినా రాసుకుని, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నిలబడి చదవాలి. తీరిన మనవి పక్కన చిన్న శిలువ గుర్తు పెట్టాలి. కలెక్టరు ఉద్యోగమిస్తామన్నా ఆ పుస్తకం వదిలేదాన్ని కాదు.

అప్పట్లో రోజూ సాయంత్రం ఏడింటికి ఒక డబ్బింగ్ సీరియల్ వచ్చేది. మన కాలపు కుర్రాడొకడు పాత గడియారం ముల్లు తిప్పి, ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి పోయి ఒక కోటదొర ఇంట్లో పడతాడు. ఆ వారం శత్రువులు కోటను చుట్టుముట్టారు. లోపల బావి ఎండిపోయింది. వెండి గిన్నెలో అడుగున మిగిలిన నీళ్లతో దొరసాని జ్వరంతో ఉన్న చిన్నకూతురి పెదవులు తడుపుతుంటే నాకు ముద్ద దిగలేదు. బావి ఎండటమంటే ఏమిటో మాకొకరు చెప్పాలా? మా వేరుశనగ చేలో మూడు బోర్లు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. పట్టుబట్టలు కట్టుకున్నవాళ్లకూ దాహం మాలాగే వేస్తుందని అప్పుడే తెలిసింది.

దాంతోపాటు ఒక సందేహమూ పట్టుకుంది. గడియారం తిప్పి మనిషి వెనక్కి పోగా లేనిది, ప్రార్థన పోలేదా? దేవుడికి నిన్నా రేపూ ఒకటేనని ఆదివారం బడిలో నేర్చుకున్నదేగా! పాస్టరయ్యగారిని అడుగుదామంటే, ఆయన దృష్టిలో టీవీ సాతాను పెట్టె. అందుకే (దేవుణ్ణి పరీక్షించకూడదని తెలిసీ) పుస్తకంలో రాసేసి, శుక్రవారం ప్రార్థనలో నిలబడి చదివాను: "ఒక మంచి కుటుంబం. బావి ఎండిపోయింది. చిన్నబిడ్డకు జ్వరం. శత్రువులు ఇంటి చుట్టూ కాపుకాసి బయటికి రానివ్వడం లేదు."

సంఘం సంఘమంతా ఏడ్చింది. పాస్టరయ్యగారు గంటసేపు మోకాళ్ల మీద వాన కోసం మొరపెట్టారు. ఆమెన్ అనగానే స్తోత్రమవ్వ (మాటకు ముందొకటి, వెనకొకటి స్తోత్రం చెప్పే ముసలామె) నా చెయ్యి పట్టుకుంది.

"స్తోత్రం! యాడుండారు పాపా వాళ్లు? నా మనవడు ట్యాంకర్ తోలుతాడు కదా, ఇప్పుడే పంపిస్తా."

"ముందు పోలీసోళ్లకు చెప్పల్ల. ఎవురప్పా వాళ్లను అడ్డుకునేది?" అంటూ వెనక వరసలోంచి మా నాయన లేచాడు.

ఆ ట్యాంకర్ ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి ఎట్లా పోతుంది? ఏడుస్తూ నిజం చెప్పేశాను. పాస్టరయ్యగారు నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. "టీవీలో బొమ్మల కోసమా నన్ను గంటసేపు ఏడిపించినావు?"

"రోంత ఆగండి అయ్యగారూ," అంది అవ్వ. "ముందు ఆడ వానొస్తాదో రాదో చూద్దాం. పుస్తకం సంగతి తర్వాత."

ఆ సాయంత్రం మా ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. పాస్టరయ్యగారు మాత్రం గడప దాటలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని, టీవీకి వీపు చేసి వాకిట్లో నిలబడ్డారు. మధ్యమధ్య, "మబ్బు పట్టిందా?" అని అడిగేవారు. నా కన్నొకటి టీవీ మీద, ఒకటి ఆ పుస్తకం మీద. చివరికి కోట మీద ఉరిమింది. వాన దబదబా పడింది. ఆడవాళ్లంతా హల్లెలూయా అని ఒక్కసారిగా అరిచారు.

నేను మెల్లగా, "అవ్వా, దీన్ని ఎప్పుడో తీసి పెట్టినారు. ఆ వాన ముందే పడిపోయింది," అన్నాను.

"దేవునికి ముందేంది, వెనకేంది పాపా? స్తోత్రం!"

వారం రోజుల నా సందేహం ఒక్క మాటతో తీరిపోయింది. పాస్టరయ్యగారు పుస్తకం నా చేతికి తిరిగిచ్చి, గొంతు తగ్గించి, "బావి పక్కన గుర్తు పెట్టుకో. బిడ్డకు జ్వరం ఇంకా తగ్గలేదు," అన్నారు. (వీపుతో అది ఎట్లా చూశారో నేను అడగలేదు.)

పది రోజులకే ఆ సీరియల్‌ను మధ్యలో ఆపేశారు. ఆ పుస్తకం ఇప్పుడు మా ఇనప్పెట్టెలో ఉంది. బావి పక్కన శిలువ గుర్తు, జ్వరం పక్కన ఖాళీ. ఎనిమిది వందల ఏళ్ల నాటి జ్వరం, ఈపాటికి తగ్గే ఉంటుంది. అయినా ప్రార్థనలో మా పిల్లల పేర్లన్నీ అయిపోయాక, ఎవరికీ వినపడకుండా, ఆ పిల్ల మాట కూడా ఒకటి కలుపుతాను.