మజీదా శమామా అత్తరు

పురానాపూల్ దగ్గర బ్లౌజులు కుట్టే మజీదాకు ఉన్న ఒకే షోకు అత్తరు. ఎండాకాలం వట్టివేళ్ల అత్తరు రాసుకునేది, చలికాలం శమామా. శమామా మొదట మందులా ఘాటుగా ఉంటుందని, మధ్యాహ్నానికి ఒంటి వేడికి మెత్తబడి కుంకుమపువ్వు వేసిన పాలలా కమ్మగా మారుతుందని చెప్పేది. భర్త అన్వర్ పని నుంచి రాగానే ఆ వాసన కోసమే వచ్చి ఆమె మిషను పక్కన కూర్చునేవాడు.

కిందటేడు అన్వర్‌కు పేగు క్యాన్సర్ అని తేలింది. రెండో కీమో తర్వాత అతనికి ఏ వాసనా పడలేదు.

"జర దూరం కూసో మజీదా. నీ అత్తరుకు కడుపుల తిప్పుతున్నది," అన్నాడు.

ఆమె సీసాలన్నీ ఎవరికో ఇచ్చేసింది. బట్టలు రెండేసిసార్లు ఉతికింది. అయినా దగ్గరికి వెళ్తే అతను ముఖం తిప్పుకునేవాడు.

"పది దినాలాయె, చుక్క గూడ ముట్టలే జీ," అని ఏడ్చింది.

"నాకెర్కనే. అయినా వస్తున్నది. నేనేం చెయ్యాలె?" అన్నాడు అన్వర్. అతని కళ్లలోనూ నీళ్లే.

ఇరవై రెండేళ్లు అతని పక్కన పడుకున్న మజీదా చివరి నెలంతా గడప అవతలే కూర్చుంది. మంచినీళ్లు కూడా మరిది దానిష్ చేతికిచ్చి పంపేది. రంజాన్‌కు వారం ముందు అన్వర్ పోయాడు.

శవానికి చుట్టిన కఫన్ గుడ్డ మీద చల్లడానికి దానిష్ అత్తరు సీసా మూత తీశాడు. పరదా వెనక నుంచి మజీదా అరిచింది.

"వద్దు దానిష్! మీ అన్నకు పడదు!"

"రివాజు భాభీ," అన్నాడతను మెల్లగా. అత్తరు చల్లాడు.